దిగేటప్పుడు ఏ కాలు ముందు

ఫిబ్రవరి 6

కాలువ పక్క ఇల్లు కూడా పోయింది. బ్రోకరు ఫోన్ చేసి చావు కబురు చల్లగా చెప్పాడు. "మీరు చూసి వెళ్లిన మధ్యాహ్నమే ఖాయమైపోయింది మేడమ్. నేనేం చేసేది?"

ఈ ఊళ్లో ఇల్లు అమ్మకానికి ఉందని బోర్డు పెట్టారంటే అప్పటికే అమ్ముడైపోయిందని అర్థం. సరస్సు చుట్టూ గుప్పెడు వీధులు, అన్నీ కలిపి ఒక పూటలో నడిచేయొచ్చు. ఉన్నవాళ్లు వదలరు, లేనివాళ్లకి దొరకదు. ఈ ఊరి ముసలివాళ్ల మోకాళ్లూ నడుములూ బాగుచేసేది నేను. వాళ్ల కళ్లజోళ్లకి అద్దాలు అరగదీసి బిగించేది మా ఆయన. మేం ఉండేది మాత్రం నేలమాళిగలో.

మా కిటికీ రోడ్డు మట్టానికి ఉంటుంది. పాపకి వీధిలో మనుషులందరూ బూట్లని బట్టే తెలుసు. పైనుంచి తుమ్ము వినిపిస్తే "అమ్మా, గోధుమరంగు బూట్లాయనకి జలుబు చేసింది" అంటుంది. అందరం నవ్వుతాం. నవ్వి ఊరుకుంటే సరిపోయేది.

జూన్ చివరికి ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. వాళ్లమ్మాయి వచ్చి ఉంటుందట. ఈ ఊళ్లో ఇల్లు దొరక్కపోతే కొండ అవతలికి పోవాలి. పాప బడి మారాలి, నేను తెల్లారకముందే బస్సెక్కాలి.

ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను. నాకు ఇల్లు కావాలి. అద్దెది కాదు. మేకు కొట్టాలంటే ఎవర్నీ అడగక్కర్లేని ఇల్లు.

ఫిబ్రవరి 11

కొత్త కేసు ఇచ్చారు మా ఫిజియోథెరపీ క్లినిక్‌లో. ఎర్ర తలుపు ఇంట్లో ఉండే డ్రైవింగ్ టీచరుగారు. వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి వాకర్‌తో పంపించారు.

ఊళ్లో సగం మందికి కారు నేర్పింది ఆవిడేనట. ఆపరేషన్ చేసిన డాక్టరుకి కూడా. "వాడికి ఇప్పటికీ రివర్స్ రాదు. కత్తి మాత్రం తిన్నగానే పట్టుకున్నాడు" అంది. పెళ్లి చేసుకోలేదు, ఒక్కతే ఉంటుంది. మనిషి బక్కగా ఉన్నా గొంతు ఖంగుమంటుంది.

కింద ముందుగదీ వంటిల్లూ. పడగ్గదులు, స్నానాలగది పైన. ఇప్పుడు ముందుగదిలోనే మంచం వేశారు. రోజూ ఒకామె వచ్చి ఒళ్లు తుడిచి వెళ్తుంది. అదే ఆవిడకి మింగుడు పడటం లేదు.

"అమ్మాయ్, నాకు పరుగు పందేలేం వద్దు. మెట్లెక్కించు చాలు. నా స్నానం నేను చెయ్యాలి, నా మంచం మీద నేను పడుకోవాలి."

"వసంతం వచ్చేలోపు ఎక్కిస్తాను" అని మాటిచ్చాను. అందరికీ చెప్పే పాఠమే ఆవిడకీ చెప్పాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. ఎక్కేటప్పుడు మేం మీ వెనక నిలబడతాం. దిగేటప్పుడు మీకు ఎదురుగా, ఒక మెట్టు కింద ఉంటాం, పడితే మా మీదే పడతారు.

మంచి విద్యార్థి. ఒక్కసారికే అప్పజెప్పేసింది.

ఫిబ్రవరి 20

వారం రోజుల్లో వాకర్ మీద వంటింటికి వెళ్లి వస్తోంది. చెప్పినవి చెప్పినట్టు చేస్తుంది, చెప్పనివీ చేస్తుంది, అదే భయం.

టీ తాగుతూ వంతెన దగ్గరి డ్రైవింగ్ స్కూలు వాడిని చెడామడా తిట్టింది. ఎప్పుడో మూతపడిందట ఆ స్కూలు. కోపం మాత్రం మూతపడలేదు.

"కుర్రాడు బండి బ్రహ్మాండంగా నడుపుతుంటాడమ్మా. వీడేమో 'ఇంకా చెయ్యి తిరగలేదు, వచ్చే నెల చూద్దాం' అంటాడు. ఇంకో నెల ఫీజు. పరీక్షలో తప్పించే వాణ్ణి తిట్టొచ్చు, పోట్లాడొచ్చు. అసలు పరీక్షకే పంపనివాణ్ణి ఏమని పట్టుకుంటావు? వాడు అబద్ధం కూడా ఆడడు. 'ఇంకా' అంటాడు, అంతే."

పడి పడి నవ్వాను, ఆ గొంతు అనుకరణకి.

ఫిబ్రవరి 27

ఇవాళ మొదటి మెట్టు. మంచి కాలు పెట్టి, రెయిలింగ్ పట్టుకుని, రెండో కాలు పక్కకి తెచ్చింది. కాసేపు నిలబడి దిగింది. "ఫస్టు గేరు పడింది" అంది. కళ్లలో నీళ్లు. నాకూ.

ఇలాంటి రోజుల కోసమే ఈ పనిలో ఉన్నాను.

మార్చి 3

టీచరుగారి మేనల్లుడు వచ్చాడు, పక్క ఊళ్లో పళ్ల డాక్టరు. మంచివాడే. ఊపిరి తీసుకునే తీరిక లేని మంచివాడు. నేను బయల్దేరుతుంటే వాకిలిదాకా వచ్చాడు.

"మేడమ్, దాపరికం లేకుండా అడుగుతున్నాను. అత్తయ్య మళ్లీ మెట్లెక్కుతుందంటారా?"

"చూడాలండి" అన్నాను. అలాగే అంటాం ఎప్పుడూ.

"ఎక్కలేకపోతే ఒంటరిగా ఉంచలేను. సరస్సు దగ్గర వృద్ధుల వసతి ఉంది, మే నెలలో గది ఖాళీ అవుతుందన్నారు. అప్పుడు ఈ ఇల్లు అమ్మేయాలి. బ్రోకర్ల చేతిలో పెట్టడం నాకిష్టం లేదు, అత్తయ్యకీ ఉండదు. తెలిసినవాళ్లు, మంచిగా చూసుకునేవాళ్లు అయితే ధర సంగతి ఆలోచించను." కాస్త ఆగి, "మీరు ఇల్లు చూస్తున్నారని విన్నాను" అన్నాడు.

ఈ ఊళ్లో మాటకి కాళ్లు ఎక్కువ.

"ఏదైనా మీ మాట మీదే మేడమ్. మీరు ఎక్కుతుందంటే ఉంటుంది. కష్టమంటే నేను ఏర్పాట్లు చేసుకుంటాను."

భోజనం దగ్గర ఈయనకి చెప్పాను. చెంచా కింద పెట్టేశారు.

"మూల మీద ఎర్ర తలుపు ఇల్లా? మనకా?"

"ఇంకా ఏమీ కాలేదు. ఆవిడ మెట్లెక్కితే అమ్మరు."

"ఎక్కుతుందా?"

"ఎక్కేలాగే ఉంది."

"తొందరేముందోయ్, మెల్లగా నేర్పు" అని నవ్వారు. నేనూ నవ్వాను. పాప కూడా, ఎందుకో తెలియకుండానే.

మార్చి 6

మెట్ల జోలికి పోలేదు. వాన. చలికి కీళ్లు బిగుసుకుంటాయి. పెద్దవాళ్ల విషయంలో తొందరపడకూడదు.

మార్చి 10

బీపీ కొంచెం ఎక్కువుంది. కొంచెమే. అయినా తొందరపడకూడదు.

మార్చి 13

"ఇవాళ మెట్లా?" అని వాకర్ పక్కకి నెట్టి సిద్ధంగా నిలబడింది.

"వచ్చేవారం చూద్దాం టీచరుగారూ. కండకి ఇంకా బలం రావాలి."

నిజమే కదా. కండకి ఎప్పుడూ ఇంకా బలం రావాలి.

మార్చి 17

కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు. అవీ ముఖ్యమే.

మార్చి 24

బడికి సెలవు. పాపని ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక వెంట తీసుకెళ్లాను. రాసుకునేటప్పుడైనా నిజం రాయనీ. పక్కింటావిడ ఉంచుకుంటానంది. నేనే తీసుకెళ్లాను.

వెళ్లేముందు పాపకి చెప్పాను, "ఇంటి సంగతి అక్కడ ఎత్తకూడదు" అని. "ఏ ఇంటి సంగతి?" అంది. ఎనిమిదేళ్లకే నాకన్నా అమాయకంగా నటించడం వచ్చేసింది.

టీచరుగారికి పిల్లని చూస్తే ప్రాణం లేచొచ్చింది. "పైకెళ్లి ఇల్లంతా చూసిరా. రెణ్ణెల్లయింది నేను చూసి. చూసి నాకు చెప్పు."

పాప తుర్రుమంది. పైనుంచి ఒక్కో గదీ అరుస్తోంది, కింద మంచం మీంచి ఈవిడ అడుగుతోంది.

"బామ్మగారూ, ఇక్కడ కప్పు ఏటవాలుగా ఉంది! చెయ్యెత్తితే తగులుతోంది!"

"అదే నా గది. కిటికీలోంచి సరస్సు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది! పడవ కూడా!"

"ఏ రంగు?"

"నీలం!"

"గడియారాల షాపువాడిది. నా దగ్గరే నేర్చుకున్నాడు, కారు. కిటికీ గట్టు మీద మొక్క ఉంటుంది, చచ్చిందా బతికుందా?"

కిటికీ వైపు అడుగుల చప్పుడు. తర్వాత, "చచ్చిపోయింది బామ్మగారూ" అని నెమ్మదిగా.

"పోన్లే. మంచం పక్కన కుర్చీలో కూర్చుని చూడు, చెక్కది. బాగుంటుంది."

ఆ ఇంటి పైభాగాన్ని ఆ ఇంటావిడకి నా కూతురు వర్ణించి చెబుతోంది. నేను ఆవిడ మడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వంచండి, చాపండి. వంచండి, చాపండి.

మార్చి 25

నిన్న ఒకటి రాయలేదు.

పాప దిగి వచ్చాక దాని స్వెటరు పైన మరిచిపోయింది. నేను తెస్తానని వెళ్లాను. ఏటవాలు గది. పాప చెప్పినట్టే ఉంది, చచ్చిన మొక్కతో సహా. కిటికీ దగ్గర నిలబడ్డాను. పక్కగది ఈయనకీ నాకూ, ఇది పాపకి అనుకున్నాను.

తర్వాత జేబులోంచి టేపు తీశాను. కాళ్ల చుట్టుకొలతలు తీసే టేపు. కిటికీ అడ్డం, పొడుగు కొలిచాను.

కింద వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. మాటలు వినపడలేదు.

స్వెటరు తీసుకుని దిగాను. "పై అంతా దుమ్ముగా ఉందా?" అని అడిగింది టీచరుగారు. లేదన్నాను. నా మొహంలోకే చూస్తోంది. "నీ కూతురు హుషారైన పిల్ల" అంది.

ఊరికే కొలిచాను. కొలిస్తే అరిగిపోతుందా.

ఏప్రిల్ 2

మేనల్లుడు ఫోన్ చేశాడు. అత్తయ్య మెట్లెక్కుతుందా అని మళ్లీ అడిగాడు. "కష్టమేనండి" అన్నాను.

"అంతేనంటారా?"

"ఇప్పటికైతే ఒక్క మెట్టు మించి ఎక్కలేదు."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను ఒక్క మెట్టు మించి ఎక్కించలేదు.

ఇల్లు అమ్మాలంటే మనసొప్పడం లేదన్నాడు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ ఇంట్లోనేనట. "మీరుండబట్టి ధైర్యంగా ఉంది మేడమ్" అన్నాడు.

ఏప్రిల్ 9

కర్టెను గుడ్డ కొన్నాను. పసుపు మీద సన్న తెల్లగీతలు. షాపులో కుట్టి కూడా ఇచ్చారు. ఈయనకి చూపించలేదు. అలమారలో దుప్పట్ల కింద ఉంది. తగ్గింపు ధరకి వస్తోందని కొన్నాను. ఏ కిటికీకైనా పనికొస్తుంది.

ఏప్రిల్ 15

నెలకోసారి తొడ చుట్టుకొలత తీయాలి, కండ ఎలా ఉందో తెలుస్తుంది. ఇవాళ తీశాను.

తగ్గింది. ఫిబ్రవరిలో ఉన్నదాంట్లోంచి తగ్గింది. మెట్లెక్కించి ఉంటే పెరగాల్సింది.

రెండోసారి కొలిచాను. మార్పులేదు. టేపు అదే. కిటికీ పొడుగు దగ్గర పెన్నుతో చిన్న గీత పెట్టుకున్నాను, అది కూడా అలాగే ఉంది.

"ఎంత?" అని అడిగింది.

"పర్వాలేదు" అన్నాను.

"పర్వాలేదన్నది అంకె కాదమ్మాయ్."

ఇంకేం అడగలేదు. ఈమధ్య మాటలు తగ్గించేసింది. మెట్ల సంగతీ అడగటం మానేసింది.

ఏప్రిల్ 16

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఎవర్నైనా వచ్చి అడగమనండి.

ఏప్రిల్ 17

వంతెన దగ్గరి స్కూలు వాడు కూడా అబద్ధం ఆడేవాడు కాదట.

ఆ మాట రాసి పుస్తకం మూసేశాను. మళ్లీ తెరిచాను. నా మొహానికి ఇంకేం రాయాలో తెలియలేదు.

ఏప్రిల్ 21

రేపు మెట్లెక్కిస్తాను. ఎక్కించి తీరతాను. ఎవరి ఇల్లు వాళ్లకి, మా బతుకేదో మాకు.

ఏప్రిల్ 22

వెళ్లేసరికి మేనల్లుడు ఉన్నాడు. వసతిలో గది ఖాయం చేశాడట, మే మొదట్లోనే. ఆదివారం ఈయన్నీ నన్నూ తన ఇంటికి రమ్మన్నాడు, కూర్చుని మాట్లాడుకుందామని. "అత్తయ్య కూడా సరేనంది" అన్నాడు.

టీచరుగారి వైపు చూశాను. "సరేనన్నాను" అంది. అంతే.

అతని ఎదురుగా మెట్ల దగ్గరికి తీసుకెళ్లి చూపించి ఉండొచ్చు. నాలుగడుగుల దూరం. మడమ పట్టుకుని కూర్చున్నాను. వంచండి, చాపండి.

ఇంటికొస్తే ఈయన పాత న్యూస్‌పేపరు మీద ఎర్ర తలుపు ఇల్లు గీస్తున్నారు, బల్ల ఎక్కడ, మంచం ఎక్కడ అని. "మేకులు ఎన్నైనా కొట్టుకోవచ్చు నువ్వు" అన్నారు. ఈయన ఇంత సంతోషంగా ఉండటం చూసి చాలా కాలమైంది. బాత్రూములో కుళాయి తిప్పేసుకుని ఏడ్చాను.

ఏప్రిల్ 23

ఆదివారం ఇంకా నాలుగు రోజులుంది. అప్పటికి ఏదో ఒకటి చెప్తాను.

ఏప్రిల్ 26

ఇది మధ్యాహ్నం నుంచి రాస్తున్నాను, ఆగి ఆగి.

పొద్దున వెళ్లేసరికి ముందుగదిలో మంచం ఖాళీ. వాకర్ మెట్ల కింద ఒంటరిగా నిలబడి ఉంది. మనిషి లేదు.

"టీచరుగారూ!"

"పైనున్నాను. ఎందుకా కేకలు?"

ఎలా ఎక్కానో గుర్తులేదు. ఏటవాలు గదిలో చెక్కకుర్చీలో కూర్చుని ఉంది. నైట్‌గౌను నిండా దుమ్ము. మోచేతులు రెండూ దోక్కుపోయి రక్తపుచారలు. జుట్టు చెదిరిపోయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఎలా ఎక్కారు?"

"రివర్స్‌లో. మెట్టు మీద కూర్చోవడం, చేతులతో లేచి పై మెట్టు మీద కూర్చోవడం. వీపు ముందు, కాళ్లు వెనక. నువ్వు నేర్పకపోతే దారే లేదనుకున్నావా? తెల్లారి మొదలుపెడితే ఇప్పుడే అయ్యింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చాను, అది వేరే సంగతి." కిటికీలోంచి బయటికి చూసింది. "నీలం పడవ ఇవాళ లేదు."

మోకాళ్ల మీద కూర్చుని మోచేతులు తుడిచి కట్టు కట్టాను. తలెత్తకుండానే అన్నాను, "మీరు మార్చిలోనే ఎక్కేవారు."

"తెలుసు."

"మీకు... ఎప్పటి నుంచి తెలుసు?"

"నీ కూతుర్ని తెచ్చావే, ఆరోజు. నువ్వు స్వెటరు కోసం పైకి పోయావు. అది నా పక్కన కూర్చుని అడిగింది, 'బామ్మగారూ, మీరు వెళ్లేటప్పుడు ఆ చెక్క కుర్చీ తీసుకెళ్తారా, ఉంచేస్తారా?' అని. నేనెక్కడికో వెళ్తున్నానని నాకప్పటికి తెలీదమ్మాయ్. నా మేనల్లుడు ఆ మాట నాకు ఈ నెల్లోనే చెప్పాడు."

భూమి చీలితే అందులోకి పోయేదాన్ని. నేను పైన కిటికీ కొలుస్తున్న ఆ నిమిషంలోనే.

"మరి నన్నెందుకు అడగలేదు? మీ మేనల్లుడికెందుకు చెప్పలేదు?"

"నేర్పేవాళ్ల కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కార్లో, తెలుసా? నేర్చుకునేవాడు తప్పుదారిలో పోతుంటే వెంటనే తొక్కేయకూడదు. వాడే చూసుకుని తిప్పుకుంటాడేమోనని కాలు దాని మీద ఆనించి కూర్చోవాలి. అలా కూర్చున్నాను. ప్రతివారం నువ్వొచ్చేటప్పుడు, ఇవాళ తిప్పుకుంటుంది, ఇవాళ తిప్పుకుంటుంది అనుకున్నాను." చేత్తో తొడ తడుముకుంది. "ఆలస్యంగా తొక్కాను. నాదీ తప్పే. కాలు సన్నబడిపోయింది."

క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు. అయినా అన్నాను. వినిపించుకోనట్టే కూర్చుంది.

"సరే, లే. ఎక్కడం నేనే నేర్చుకున్నాను. దిగడం నాకు రాదు. నేర్పు."

మెట్ల దాకా తీసుకొచ్చాను. నేను ఒక మెట్టు కింద, ఆవిడకి ఎదురుగా, వెనక్కి దిగుతూ. ఎక్కేటప్పుడైతే మేం వెనక ఉంటాం, వాళ్ల వీపు తప్ప ఏమీ కనపడదు. దిగేటప్పుడు అలా కుదరదు. ఆవిడ కళ్లు సరిగ్గా నా కళ్ల మీదే ఉన్నాయి, ఆ మెట్లన్నీ అయ్యేదాకా. పక్కకి చూడటానికి లేదు. చూస్తే పడిపోతుంది.

"ఇప్పుడు ఏ కాలు?"

"దెబ్బతిన్న కాలు ముందు."

దించింది. మంచి కాలు తెచ్చి పక్కన పెట్టింది. ఆగింది.

"ఇప్పుడు?"

"దెబ్బతిన్న కాలు ముందు, టీచరుగారూ."

"గట్టిగా చెప్పు. నాకు వినపడాలి."

ప్రతి మెట్టుకీ అడిగింది. ఆవిడకి రాక కాదు, మొదటిరోజే అప్పజెప్పింది. ప్రతి మెట్టుకీ నాచేత చెప్పించింది. కిందకి వచ్చేసరికి ఇద్దరం చెమటతో తడిసిపోయాం. నా కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మంచం మీద కూర్చుని మేనల్లుడికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, నా చేతిలో పెట్టింది.

"మెట్లెక్కారండి. దిగారు కూడా. కొన్నాళ్లు సాధన చేస్తే ఇంట్లోనే ఉండొచ్చు" అన్నాను.

"నిజంగానా? మరి మీరు కష్టమన్నారు కదా మేడమ్?"

"నేర్పడం ఆలస్యం చేశాను."

"ఎందుకో కూడా చెప్పు" అంది టీచరుగారు.

చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలీదు. ఇల్లు కావాలని చెప్పాను.

అతని గొంతు పూర్తిగా మారిపోయింది. "మిమ్మల్ని నమ్మాను. నేనొక్క ఫోన్ చేస్తే క్లినిక్‌లో మీ ఉద్యోగం ఉండదు, తెలుసా?"

"తెలుసండి."

టీచరుగారు ఫోన్ లాక్కుంది. "ఒరేయ్, అది నా లెక్క, నేను చూసుకుంటాను. నువ్వు ఆ గది వద్దని చెప్పు ముందు." పెట్టేసింది.

"రేపట్నుంచి వేరే ఫిజియోని పంపమంటాను" అన్నాను.

"ఎందుకు? ఆమెకి ఇల్లుందని గ్యారంటీ ఏమిటి?" మోచేతి కట్టు చూసుకుంటూ అంది. "నీకు లేదని నాకు తెలుసు. తెలిసినదానితో జాగ్రత్తగా ఉండొచ్చు. ఎల్లుండి రా."

ఏప్రిల్ 27

ఈయనకి చెప్పాను. మేనల్లుడి ఇంటికి వెళ్లాలని చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. అంతా విని ఇస్త్రీపెట్టె ఆపేశారు.

"నేను మెల్లగా నేర్పు అన్నది నవ్వులాటకి" అన్నారు.

"తెలుసు."

కాసేపు చొక్కా మడిచారు, విప్పారు, మడిచారు.

"కాదులే. నవ్వులాటకి కాదు" అన్నారు.

మంచం మీదున్న, ఇల్లు గీసిన న్యూస్‌పేపరు తీసి చించబోయి, చించలేక, మడిచి చెత్తబుట్టలో పెట్టారు. పాప అడిగింది, ఆ ఇంటికి వెళ్లటం లేదా అని. లేదన్నాం. "నేనేమైనా అన్నందుకా?" అంది. దాన్ని దగ్గరికి తీసుకుని, కాదు, నువ్వేం తప్పు చెయ్యలేదని చెప్పాను. నా వల్ల అని మాత్రం చెప్పలేకపోయాను. ఇవాళ్టికి నా ధైర్యం ఇంతే.

మే 6

పాపకి చెప్పాను. విని, "అంటే బామ్మగారి ఇల్లు లాక్కుందామనుకున్నావా అమ్మా?" అంది.

అంత సులువుగా నేను ఇన్నాళ్లూ ఎక్కడా రాసుకోలేదు.

జూలై 19

కొండ అవతలి ఊరు. అద్దె ఇల్లే, మేడ మీద. పాప కొత్త బడి. కిటికీలోంచి పొలాలు కనిపిస్తాయి, బూట్లు కనిపించవు. "ఇక్కడ ఎవర్నీ గుర్తుపట్టలేను" అని సణుగుతోంది.

పొద్దున్నే బస్సు. వారానికి రెండుసార్లు ఎర్ర తలుపు. టీచరుగారు ఇప్పుడు పైనే పడుకుంటోంది, తన స్నానం తను చేసుకుంటోంది. కర్ర, రెయిలింగ్ లేకుండా మాత్రం మెట్లు దిగలేదు. ఇకముందు దిగగలిగేదీ లేదు. ఇవాళ తొడ కొలిచి అంకె చెప్పాను, అడగకముందే.

"ఇది పూర్తిగా తిరిగి రాదు కదా?"

"రాదండి."

"ఇందులో వయసు వాటా ఎంత, నీ వాటా ఎంత?"

"నా వాటానే ఎక్కువ."

తలూపింది. కోపంగా కాదు, సరైన జవాబు విన్నట్టు. తర్వాత మెట్ల దగ్గరికి నడిచి, ఎప్పటిలాగే నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, "ఏ కాలు?" అంది. చెప్పాను.

ఇంటికొచ్చేసరికి ఈయన పెట్టెలు సర్దుతూ దుప్పట్ల కింది కర్టెను బయటికి తీసి మా కిటికీకి తగిలించారు. పొట్టి అయ్యింది. కింద జానెడు సందు మిగిలిపోయింది.

"ఇదెప్పుడు కొన్నావు? ఏ కిటికీ కొలత ఇది?"

చెప్పాను.

చేతిలో సుత్తితోనే కర్టెను వైపు తిరిగారు. "తీసేయనా?" అన్నారు.

"ఉండనీండి" అన్నాను.